అయోడిన్ ఎక్కువైతే థైరాయిడ్ ఏం చేస్తుంది?

అయోడిన్ చాలకపోతే గొంతు ముందు భాగం ఉబ్బుతుందని బడిపిల్లలకి కూడా తెలుసు. మరి అయోడిన్ ఎక్కువైతే? ముడిసరుకు పెరిగింది కాబట్టి థైరాయిడ్ గ్రంథి హార్మోన్లని కూడా దండిగా తయారుచేయాలి. ఒళ్ళు వేడెక్కాలి, గుండె దడదడలాడాలి, మనిషి చిక్కిపోవాలి. వినడానికి తర్కం బాగానే ఉంది. కానీ 1923లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టరు హెన్రీ ప్లమ్మర్ సరిగ్గా ఈ తర్కానికి ఎదురు వెళ్ళి పేరు తెచ్చుకున్నాడు. థైరాయిడ్ మితిమీరి పనిచేసే గ్రేవ్స్ వ్యాధి ఉన్నవాళ్ళకి, ఆపరేషనుకి ముందు కొన్నాళ్ళపాటు లుగాల్ ద్రావణం చుక్కలు ఇచ్చాడు. అందులో 5 శాతం అయోడిన్, 10 శాతం పొటాషియం అయోడైడ్ ఉంటాయి. రోజుకి మనిషికి కావలసిన దానికన్నా అది కొన్ని వందల రెట్లు. రోగం ముదరలేదు సరికదా, తగ్గుముఖం పట్టింది. నాడి నెమ్మదించింది. ఆపరేషను బల్ల మీదా, ఆ తరవాతి రోజుల్లోనూ చనిపోయేవాళ్ళ సంఖ్య బాగా పడిపోయింది. అయితే ఈ మేలు కొన్ని వారాలే. ఆలస్యం చేస్తే మందు పట్టు సడలి, రోగం తిరగబెట్టేది. అందుకని సర్జన్లు ఆ మధ్యలోనే పని ముగించుకునేవారు.

ఎందుకు తగ్గినట్టు? తగ్గింది మళ్ళీ ఎందుకు పెరిగినట్టు? ఈ రెండు ప్రశ్నలకీ దారి చూపింది ఎలుకలు. అందుకు మరో పాతికేళ్ళు పట్టింది.

ముందు గ్రంథి పనితీరు కొంచెం చూద్దాం. మనిషి థైరాయిడ్ 15, 20 గ్రాములు తూగితే, ఎలుకది 15, 20 మిల్లీగ్రాములు. శ్వాసనాళానికి రెండు పక్కలా అంటుకుని ఉండే ఎర్రటి చిన్న తునక అది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే లోపలంతా గుండ్రటి తిత్తులు. ఒక్కొక్క తిత్తి చుట్టూ ఒకే వరస కణాలు, మధ్యలో జిగటగా నిండిన పదార్థం. ఆ జిగటలో ఎక్కువ భాగం థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రొటీను. రక్తంలో తిరిగే అయోడైడ్‌ని ఈ కణాలు తమలోకి లాక్కుంటాయి. బయట ఉన్న దానికి ఇరవై, ముప్ఫై రెట్లు లోపల పోగుచేయగలవు. అలా తెచ్చిన దాన్ని కణం రెండో అంచుకి చేర్చి, అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో, పెరాక్సిడేజ్ అనే ఎంజైము చేత థైరోగ్లోబ్యులిన్‌లోని టైరోసిన్‌లకి అతికిస్తాయి. అయోడిన్ అతికిన టైరోసిన్‌లు జతకడితే థైరాక్సిన్. లాక్కోవడం ఒక పని, అతికించడం ఇంకో పని. ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు, తక్కిన కథంతా దీని మీదే నడుస్తుంది.

ఈ రెండు పనుల్నీ విడివిడిగా కొలవాలంటే అయోడిన్‌కి ఏదో ఒక గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టే సాధనం 1938లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో దొరికింది. గ్లెన్ సీబోర్గ్, జాన్ లివింగుడ్ కలిసి అయోడిన్-131 అనే రేడియోధార్మిక ఐసోటోపుని గుర్తించారు. దాని అర్ధాయువు 8 రోజులు. అంతకుముందు వాడిన అయోడిన్-128 అర్ధాయువు 25 నిమిషాలే. ఇంజక్షను ఇచ్చి, జంతువుని కోసి, గ్రంథి తీసి లెక్కపెట్టేలోపు సగానికి సగం మాయమయ్యేది. ఎనిమిది రోజులంటే ప్రయోగశాలలో తీరుబడి ఉన్నట్టే.

అదే విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం చెప్పే ఇజ్రాయెల్ లయన్ చైకాఫ్ ఈ అవకాశాన్ని చక్కగా వాడుకున్నాడు. 1944లో ఆయన బృందం థైరాయిడ్ ముక్కల్ని గాజుపాత్రలో ఉంచి, ద్రావణంలో అయోడైడ్ పెంచుతూ పోతే అతికింపు తగ్గిపోవడం గమనించింది. ఇది మొదటి ఆధారం. గాజుపాత్రలో థైరాయిడ్‌ని పురమాయించే పిట్యూటరీ గ్రంథి లేదు, మెదడు లేదు, రక్తప్రసరణ లేదు. అయినా పని ఆగింది. అంటే ఆపమన్న ఆజ్ఞ పైనుంచి వచ్చింది కాదు, గ్రంథి తనంతట తాను ఆపుకున్నది.

గాజుపాత్రలో జరిగిందల్లా బతికున్న జంతువులో జరగాలని లేదు. చైకాఫ్ దగ్గర పనిచేస్తున్న యాన్ వోల్ఫ్ అనే యువకుడు ఆ సంగతి తేల్చే పని మీద వేసుకున్నాడు. 1948లో వెలువడిన వాళ్ళ పరిశోధన పద్ధతి చెప్పుకోవడానికి సులువు, చేయడానికి ఓపిక కావాలి. ఎలుకలకి రకరకాల మోతాదుల్లో అయోడైడ్ ఎక్కించారు, అందులో గుర్తుపెట్టిన అయోడిన్ కలిపి. కొన్ని గంటలకొక జట్టు ఎలుకల రక్తం తీసి, అందులో అయోడైడ్ ఎంతుందో కొలిచారు. ఆ జట్టు థైరాయిడ్‌లని తీసి నూరి, ప్రొటీనుకి అతికిన అయోడిన్‌ని ఒక పక్కకి, ఊరికే తిరిగే అయోడైడ్‌ని ఒక పక్కకి వేరుచేసి, రెండింటినీ విడివిడిగా లెక్కపెట్టారు.

తక్కువ మోతాదుల్లో అనుకున్నట్టే జరిగింది: ఇచ్చింది పెరిగేకొద్దీ అతికింపూ పెరిగింది. ఒక హద్దు దాటాక గీత తిరగబడింది. రక్తద్రవంలో అయోడైడ్ 100 మిల్లీలీటర్లకి సుమారు 20 నుంచి 35 మైక్రోగ్రాములు దాటిందంటే అతికింపు దాదాపు నిలిచిపోయింది. గ్రంథిలో అయోడైడ్ పుష్కలంగా ఉంది, థైరోగ్లోబ్యులిన్ ఉంది, ఎంజైము ఉంది. పని మాత్రం జరగడం లేదు. మూత్రపిండాలు అదనపు అయోడైడ్‌ని బయటికి పంపేసి, రక్తంలో మట్టం ఆ హద్దు కిందికి దిగగానే పని మళ్ళీ మొదలైంది. ఎక్కువ ఇచ్చిన ఎలుకలో ఎక్కువసేపు, తక్కువ ఇచ్చిన ఎలుకలో తక్కువసేపు ఆగింది. ఈ ఆగిపోవడానికే ఇప్పుడు వైద్య పుస్తకాల్లో వోల్ఫ్-చైకాఫ్ ప్రభావం అని పేరు.

ఇక్కడితో ఆగిపోతే ఇది అరకొర కథ. చాలా పుస్తకాలు ఇక్కడే ఆగుతాయి కూడా. నా దృష్టిలో అసలు గొప్ప ప్రయోగం ఆ మరుసటి ఏడాదిది. 1949లో అదే బృందం ఎలుకలకి అయోడైడ్‌ని మళ్ళీ మళ్ళీ ఇస్తూ, రక్తంలో మట్టం దిగనీయకుండా పట్టి ఉంచింది. హద్దు పైనే ఉంది కాబట్టి థైరాయిడ్ ఆగే ఉండాలి. కానీ రెండు రోజులు తిరిగేసరికి, రక్తంలో అయోడైడ్ అంతే ఎక్కువగా ఉన్నా, గ్రంథి పనిలోకి దిగిపోయింది. వోల్ఫ్ ఎంత పెట్టినా ఎలుకకి హార్మోను కొరత రాలేదు. ఆపడం ఎంత విచిత్రమో, ఆ అడ్డం నుంచి తప్పించుకోవడం అంతకన్నా విచిత్రం.

ఎలా తప్పించుకుంది? రక్తంలో అయోడైడ్ దిగలేదు కదా. అయితే దిగింది ఎక్కడో? మారిస్ రేబెన్ 1949లోనే దీనికి ఒక చక్కటి ఆధారం ఇచ్చాడు. థయోసయనేట్ అనే రసాయనం థైరాయిడ్ కణాల్లోకి అయోడైడ్ వెళ్ళకుండా అడ్డుకుంటుంది. కాబట్టి అది థైరాయిడ్‌కి శత్రువు. కానీ అయోడైడ్ ఎక్కువై పని ఆగిన గ్రంథికి ఆ శత్రువుని ఇస్తే పని మళ్ళీ సాగింది! లోపలికి వచ్చే దారి మూసేస్తే ఆగిన పని కదలడం ఏమిటి? ఒక్కటే అర్థం. పని ఆపుతున్నది రక్తంలోని అయోడైడ్ కాదు, కణం లోపల పేరుకున్న అయోడైడ్. లోపలి నిల్వ తగ్గితే అడ్డం తొలగుతుంది.

థయోసయనేట్ బయటినుంచి చేసిన పనినే ఎలుక తనంతట తాను చేసుకుంటోందని 1963లో బోస్టన్‌లో లూయిస్ బ్రేవర్‌మన్, సిడ్నీ ఇంగ్‌బార్ చూపించారు. అలవాటు పడిన ఎలుకల థైరాయిడ్‌లో అయోడైడ్‌ని లాక్కునే శక్తి బాగా తగ్గిపోయింది. ఇంట్లోకి జనం విరగబడితే గృహిణి మొదట పొయ్యి ఆర్పేసి, ఆనక వీధి తలుపు సగం దగ్గరికి వేసి, మళ్ళీ పొయ్యి రాజేసుకున్నట్టు అన్నమాట. ఆ తలుపు ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1996లో నాన్సీ కరాస్కో బృందం దాని జన్యువుని పట్టుకుంది. ఎలుక థైరాయిడ్ నుంచి పెంచిన కణాల జన్యుసందేశాల్ని కప్ప గుడ్లలో ప్రవేశపెట్టి, ఏ సందేశం పడితే ఆ గుడ్డు అయోడైడ్‌ని పీల్చుకుంటుందో వెతికి పట్టిన జన్యువు అది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీను సోడియంతో కలిపి అయోడైడ్‌ని కణంలోకి తెస్తుంది కాబట్టి దాన్ని సోడియం-అయోడైడ్ సింపోర్టర్ అంటారు. మూడేళ్ళకి, 1999లో, బ్రేవర్‌మన్ మళ్ళీ రంగంలోకి వచ్చాడు. అయోడైడ్ ఎక్కువగా ఇచ్చిన ఎలుకల్లో ఈ సింపోర్టర్ సందేశ ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీను రెండూ పడిపోయాయని ఆయన బృందం చూపించింది. 1963లో ఊహించిన తలుపుని ముప్ఫయ్యారేళ్ళ తరవాత ఊహించినాయనే కొలిచి చూడటం శాస్త్రంలో తరచు జరిగేది కాదు.

మొదట పని ఆపేది ఏమిటన్నదానికి కూడా ఒక ఆధారం దొరికింది, ఈసారి గుర్రంలో. అయోడిన్ ఎక్కువైతే థైరాయిడ్ కణాల్లోని కొవ్వు అణువులకి కూడా అతుక్కుంటుంది. గుర్రం థైరాయిడ్‌లో దొరికిన అలాంటి ఒక పదార్థం హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారీని అడ్డుకుంటుంది. పెరాక్సైడ్ లేకపోతే ఎంజైము చేతులు కట్టేసినట్టే. ఇదొక్కటే కారణమని ఇప్పటికీ అందరూ ఒప్పుకోరు.

ఇంతవరకూ చెప్పినవి ఆరోగ్యంగా ఉన్న, ఎదిగిన జంతువుల సంగతులు. తలుపు వేసుకోలేని జంతువు గతి ఏమిటి? మొదటి రకం, ఇంకా ఎదగని పిల్ల.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పశుశాస్త్రజ్ఞులు 1960లలో అయోడిన్ ఎక్కువైతే ఏమవుతుందో పరీక్షించారు. చూలు కుందేళ్ళకి ఈనడానికి కొద్ది రోజుల ముందు మేతలో అయోడిన్ బాగా ఎక్కువగా కలిపితే, పుట్టిన పిల్లలు ఎక్కువగా చనిపోయాయి. ఎలుకల్లోనూ పిల్లలు దక్కలేదు. తల్లులకి పాలు సరిగ్గా పడకపోవడం ఒక కారణం. అదే స్థాయి అయోడిన్‌కి పందులు మాత్రం ఏమాత్రం చలించలేదు. ఒకే విశ్వవిద్యాలయం, ఒకే మందు, జంతువు మారితే ఫలితం మారింది. ఫ్లోరిడాలోనే గుర్రాల శాలల్లో మరో వింత కనిపించింది. బలానికని సముద్రపు నాచు పొడి దండిగా కలిపిన మేత తిన్న ఆడగుర్రాలకి గొంతు ఉబ్బిన పిల్లలు పుట్టాయి. తల్లులు చాలావరకు బాగానే ఉన్నాయి. మాయ గుండా అయోడైడ్ పిల్లకి ధారాళంగా వెళుతుంది. కడుపులోని పిల్ల థైరాయిడ్‌కి పని ఆపడం తెలుసు గానీ తలుపు వేయడం ఇంకా చేతకాదు. హార్మోను తగ్గుతుంది, పిట్యూటరీ పని చేయమంటూ తరుముతుంది, గ్రంథి ఉబ్బుతుంది. అయోడిన్ చాలక వచ్చే గాయిటర్ అనే గొంతు వాపే అయోడిన్ ఎక్కువై వచ్చిందన్నమాట. ఉబ్బసానికీ దగ్గుకీ అయోడైడ్ మందులు ఏళ్ళ తరబడి వాడిన తల్లులకి పుట్టిన మనుషుల పిల్లల్లోనూ ఇదే కనిపించింది. జపాన్‌లో హొక్కైదో తీరాన కొంబు నాచు విపరీతంగా తినే బెస్తవాళ్ళలోనూ 1960లలో గాయిటర్‌లు కనిపించాయి. అయితే అక్కడ కూడా అందరికీ రాలేదు, ఎక్కువమంది తిని అరాయించుకున్నారు.

రెండో రకం జంతువు కరువు చూసిన జంతువు. చాలాకాలం అయోడిన్ లేని మేత పెట్టిన కుక్కలకి ఉన్నట్టుండి అయోడైడ్ ఇస్తే థైరాయిడ్ తిత్తుల కణాలు చచ్చి, లోపల ఉన్న అయోడిన్ బయటికి ఒలికిపోయిందని 1973లో తేలింది. కొరతలో ఉన్న గ్రంథి వచ్చిన ప్రతి అణువునీ ఒడిసిపట్టేలా తన తలుపులన్నీ బార్లా తెరిచిపెట్టుకుని ఉంటుంది. అప్పుడు వరద వస్తే మూసుకునే వ్యవధి ఉండదు.

మూడో రకం, పుట్టుకతోనే తేడా ఉన్నవి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో తెల్ల లెగ్‌హార్న్ కోళ్ళ నుంచి వేరుచేసి పెంచిన ఒక జాతి ఉంది. కొవ్వెక్కి, ఈకలు పొడుగై, చూడగానే పోల్చుకోవచ్చు. వాటి ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత థైరాయిడ్ మీదే దాడి చేస్తుంది. అలాంటి దాడికి లోనయ్యే లక్షణం ఉన్న కోళ్ళకి మేతలో అయోడిన్ పెంచితే ఆ దాడి పెచ్చుమీరుతుందని 1985లో సైన్స్ పత్రికలో వచ్చింది. అయోడిన్ ఎక్కువగా అతికిన థైరోగ్లోబ్యులిన్ మీద రక్షణకణాలు త్వరగా కన్నేస్తాయి. ఇప్పుడు ప్రయోగశాలల్లో ఎన్‌ఓడి.హెచ్-2హెచ్4 అనే చిట్టెలుక జాతిని ఇందుకే వాడుతున్నారు. తాగే నీళ్ళలో 0.05 శాతం సోడియం అయోడైడ్ కలిపితే రెండు నెలల్లో థైరాయిడ్ నిండా లింఫోసైట్లనే రక్షణకణాలు చేరతాయి. పక్క బోనులోని మామూలు చిట్టెలుక అవే నీళ్ళు తాగి హాయిగా ఉంటుంది.

కాబట్టి ఎంత మోతాదు ప్రమాదం అని అడిగితే ఒక అంకె చెప్పి ఊరుకోవడం కుదరదు. ఎవరి గ్రంథి అని కూడా అడగాలి. ఎలుక అంకెని మనిషికి అంటగట్టేవాళ్ళు ఇంకో సంగతి మరిచిపోతారు. ఎలుక రక్తంలో థైరాక్సిన్ అర్ధాయువు ఒక రోజుకి మించదు, మనిషిలో దాదాపు ఒక వారం. మనిషి రక్తంలో థైరాక్సిన్‌ని గట్టిగా పట్టి ఉంచే ప్రొటీను ఎదిగిన ఎలుకకి ఇంచుమించు లేనట్టే. రోజువారీ సంపాదన మీద బతికే ఎలుక థైరాయిడ్‌కి ఒక్కరోజు పని ఆగినా తెలుస్తుంది. మనకైతే వారాల నిల్వ ఉంటుంది.

ఉప్పులో అయోడిన్ కలపడం వల్లే ఇన్ని థైరాయిడ్ జబ్బులని ఈ మధ్య అక్కడక్కడా వినిపిస్తోంది. దీనికి ఒక చిన్న లెక్క సరిపోతుంది. మన దేశంలో వాడకందారుకి చేరే ఉప్పులో అయోడిన్ కిలోకి కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి. రోజుకి 10 గ్రాముల ఉప్పు తింటే 150 మైక్రోగ్రాములు, అంటే ఎదిగిన మనిషికి సరిగ్గా కావలసినంత. అణు ప్రమాదమప్పుడు ఇచ్చే ఒక్క మాత్రలో అయోడైడ్ 100 మిల్లీగ్రాములు. అంత అయోడిన్ ఉప్పులోంచి రావాలంటే ఆరున్నర కిలోల పైచిలుకు ఉప్పు ఒక్క రోజులో తినాలి. ఈలోగా చంపేది అయోడిన్ కాదు, ఉప్పే. అయోడిన్ లేని లోయల్లో పరిస్థితి ఎలా ఉండేదో మన శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి కాంగ్రా లోయలో చేసిన అధ్యయనం చూపిస్తుంది. అయోడిన్ ఉప్పు అందిన పల్లెల్లో గాయిటర్ తగ్గుతూ వచ్చింది, మామూలు ఉప్పు తిన్న పల్లెల్లో తగ్గలేదు. ఉప్పుని అనుమానించేవాళ్ళు నిజంగా చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. గుండె లయ తప్పినప్పుడు వాడే అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 మిల్లీగ్రాములు అయోడినే. సీటీ స్కాన్‌కి ముందు ఎక్కించే మందులో గ్రాముల లెక్కన ఉంటుంది. బలానికని అమ్మే సముద్రపు నాచు గోళీల్లో ఎంతుంటుందో సీసాకీ సీసాకీ పొంతన ఉండదు.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలింది. ఆ పొగలో సీబోర్గ్ గుర్తించిన అయోడిన్-131 కూడా ఉంది. థైరాయిడ్ దాన్ని పోగుచేసుకోకుండా ఆపాలంటే, ముందుగానే మామూలు అయోడైడ్ దండిగా ఇచ్చి గ్రంథిని నింపేయాలి, పని ఆపించాలి. వోల్ఫ్ ఎలుకల్లో చూసినదాన్నే ఈసారి కావాలని మనుషుల్లో తెప్పించాలి. పోలండ్ ప్రభుత్వం మూడు రోజుల్లో పంపిణీ మొదలుపెట్టి, పిల్లలకి సుమారు 1 కోటి 5 లక్షల మోతాదులు, పెద్దలకి 70 లక్షల మోతాదులు ఇచ్చింది. అంత పెద్ద సంఖ్యలో మనుషులకి అయోడైడ్ ఒక్కసారిగా ఇవ్వడం అంతకుముందు జరగలేదు. ఫలితాలు ఎలా ఉన్నాయో 1993లో వెల్లడించిన ఇద్దరిలో ఒకరు పోలండ్ వైద్యుడు యానుష్ నౌమన్. రెండోవారు యాన్ వోల్ఫ్, బర్క్లీ ఎలుకల ప్రయోగం చేసిన ఆయనే, ఈసారి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల తరఫున.

పెద్దల్లోనూ పిల్లల్లోనూ థైరాయిడ్‌కి చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు. పుట్టిన రెండో రోజున మందు పడిన 3,214 మంది శిశువుల్లో 12 మందికి థైరాయిడ్‌ని ప్రేరేపించే పిట్యూటరీ హార్మోను పెరిగి, థైరాక్సిన్ తగ్గింది. ఎందుకో ఇప్పుడు పాఠకులకి వేరే చెప్పనక్కర్లేదు. ఆ మార్పు కూడా తాత్కాలికమే, కొద్ది వారాల్లో సర్దుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో పెద్దలకి 100 మిల్లీగ్రాముల అయోడిన్ చెప్పినచోట నెల లోపు పసికందుకి 12.5 మిల్లీగ్రాములే, అదీ ఒక్కసారే.